పాత దున్ను ట్రాక్టరు – మా యింటి ప్రయాణపు బండ్లు

నేడు నేను ముచ్చటింపబోవునది యంత్రమును గూర్చి. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును చెప్పినవాడను. అయినను 2024 వేసవిలో, మా కొట్టములో పదియేండ్లుగా పడియున్న ట్రాక్టరును మిస్త్రీ విప్పి, కడిగి, మరల కూర్చుచుండగా, ప్రక్కన పీట వేసికొని నెలదినములు కూర్చుండి చూచితిని. ప్రతి భాగమును చూపి “ఇది యేమి పని చేయును? ఇది చెడిన నేమగును?” అని యడుగుట నా వృత్తిదోషము. మిస్త్రీ ఓపికగలవాడు. అతడు చెప్పిన సమాధానములును, వానితోడ నాకు జ్ఞప్తికి వచ్చిన మా యింటి పాత ప్రయాణములును మీకు విన్నవించెదను.

మాది ఇందల్వాయి. ట్రాక్టరు మొదట మా మేనమామగారిది. వారి గ్రామము బోధనునకు చేరువ, నిజాంసాగరు కాలువ క్రింద నున్నది. మంజీరా నదిపై నిజాంసాగరు కట్టుట 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. కాలువనీరు వచ్చిన పిమ్మట చెరకు వచ్చెను. చెరకు వచ్చిన పిమ్మట 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. ఆ కర్మాగారపు పేటకు శక్కర్‌నగర్ అని పేరు. మా మేనమామ 1983లో చెరకు మడులు దున్నుటకును, నరికిన చెరకును శక్కర్‌నగరునకు చేర్చుటకును మాస్సీ ఫెర్గూసను 1035 అను ట్రాక్టరును కొనెను. గానుగ ఆడు దినములలో కర్మాగారపు వాకిట ఎడ్లబండ్లును ట్రాక్టరులును వరుసగట్టి రాత్రియంతయు నిలిచియుండెడివి. చలిమంట చుట్టు బండ్లవారు, వారి చేతులలో చెరకు గడలు, గాలినిండ కాగిన రసపు వాసన. నేను సెలవులలో పోయినపుడు ఆ వరుసలో రెండు రాత్రులు గడపితిని. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది.

1991లో ఆ ట్రాక్టరు మా తమ్ముని చేతికి వచ్చెను. ఇరువదిమూడేండ్లు వాడే దానిని నడపెను. 2014లో వాడు కాలము చేయగా, ఆ కొట్టములో నిలిపిన బండి నిలిపినట్లే యుండిపోయెను. తమ్ముని కుమారుడు ఇపుడు ఆరెకరములు సేద్యము చేయుచున్నాడు. నిరుడు పాతసామానుల వ్యాపారి యొకడు వచ్చి ఇనుము తూకమునకు అడిగెను. “పెద్దబాపూ, అమ్మేద్దాం. అది ఇగ లేవది. అది చూస్తెనే అవ్వ మనసు ఖరాబయితది” అని మావాడు నాతో ననెను. అవ్వ యనగా మా తల్లి. ఆమె సంగతి తరువాత చెప్పెదను. నాట్ల కాలమున కిరాయి ట్రాక్టరు కొరకు వారములు వేచియుండి, నారు ముదిరి వాడు పడిన కష్టమును నేను చూచియుంటిని. అమ్ముటకు ముందు ఒకమారు మిస్త్రీకి చూపుదమంటిని.

మిస్త్రీ వచ్చి ఇంజను కప్పీని చేతితో త్రిప్పిచూచెను. అది కదలెను. “సారూ, ఇది చచ్చిపోలేదు. గొంతు పట్టుకున్నది, అంతే” అనెను.

ఆ మాట సరియైనదని తరువాత తెలిసెను. డీజిలు ఇంజనులో నిప్పు పుట్టించు ప్లగ్గు లేదు. సైకిలు పంపును వ్రేలితో మూసి బలముగా నొక్కినచో పంపు అడుగు వేడెక్కుట మీరెరుగుదురు. ఇంజనులో పిస్టను గాలిని అట్లే నొక్కును. పదునారు పాళ్ల గాలిని ఒక పాలు చోటులోనికి అదుమును. అంత అదిమిన గాలి, చల్లిన నూనె తనంత తానే మండునంత వేడెక్కును. అపుడు నాజిలు సన్నని తుంపరగా డీజిలును చల్లును. అది మండి పిస్టనును క్రిందికి తన్నును. జర్మనుడగు రుడాల్ఫు డీజిలు 1892లో ఈ యుపాయమునకు హక్కు కోరి, 1897లో సరిగా నడచు ఇంజనును చూపెను. అతని పేరే నూనెకును పెట్టిరి.

కాబట్టి డీజిలు ఇంజనునకు కావలసినవి మూడు: శుభ్రమైన గాలి, ఆ గాలిని జారనీయక అదుము పిస్టను రింగులు, గాలిబుడగ లేని నూనె. బండి స్టార్టు కానపుడు ఈ మూటిలో నేది లోపించెనో చూడవలెను గాని, ఊరక బ్యాటరీని దూషించి లాభము లేదు. ఇంజను నడచుచున్నచో దాని పొగయే రోగలక్షణము చెప్పును. నల్లని పొగ వచ్చినచో నూనె పూర్తిగా మండుటలేదన్నమాట. గాలి ఫిల్టరు పూడినదో, నాజిలు తుంపరకు మారు ధారగా కార్చుచున్నదో చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలే మండుచున్నది, రింగులు అరిగినవి. తెల్లని పొగ చలి యుదయమున కొంచెము వచ్చినచో భయములేదు. ఇంజను వేడెక్కిన పిదపను వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచుండినచో హెడ్డు గాస్కెట్టు పోయి నీరు సిలిండరులోనికి దిగుచున్నదని తెలియవలెను. మా యవ్వకు వైద్యము చేసిన ఆయుర్వేద పండితుడు నాలుక చూచి సగము చెప్పువాడు, మిస్త్రీయు అట్టివాడే.

మా బండి ట్యాంకు అడుగున తుప్పును బురదయు వ్రేలెడు మందమున పేరుకొనియుండెను. గాలి ఫిల్టరు గిన్నెలో పోసిన ఆయిలు ఎండి తారువలె నైపోయెను. పాత ట్రాక్టరులలో గాలి ఆ గిన్నెలోని ఆయిలుపై నుండి పోవును. దుమ్ము ఆయిలులో చిక్కుకొనును. వేసవి దుక్కిలో ఆ గిన్నెను దినదినమును చూడవలెనట. మా తమ్ముడు చూచెడివాడు. నేను చూచినది లేదు.

ట్యాంకు కడిగి, ఫిల్టరులు మార్చి, పంపునుండి గాలి తీయు పని మొదలయ్యెను. ఇది మీలో ఎవరైనను చేసికొనదగినది. ఫిల్టరు నెత్తిన నున్న స్క్రూను కొంచెము వదులు చేసి, చేతిమీటతో నూనెను కొట్టుచుండవలెను. మొదట నురుగు వచ్చును. నురుగు పోయి బుడగలేని ధార వచ్చినపుడు స్క్రూను బిగింపవలెను. తరువాత పెద్దపంపు స్క్రూ. కడపట నాజిలుల గొట్టములు ఒక్కొక్కటి వదులుచేసి ఇంజనును త్రిప్పించి బిగింపవలెను. తొట్టెనుండి ఇంజనువైపునకు, ఈ వరుసలోనే పోవలెను. తలక్రిందుగా చేసినచో వెనుకనున్న గాలి మరల ముందుకు వచ్చును. మూడవ నాజిలు గొట్టము బిగించు చుండగానే ఇంజను ఒకసారి దగ్గి, ఆగి, మరల దగ్గి, అందుకొనెను. మావాడు చిన్నపిల్లవానివలె కేకవేసెను.

ఇంజను నడచెను గాని బండి కదలలేదు. క్లచ్చి ప్లేటు తుప్పుతో అంటుకొనిపోయెను. ఇక్కడ నాకొక క్రొత్తసంగతి తెలిసెను. లారీకి, మోటారుకారుకు అడుగున చట్రముండును. ఇంజను ఆ చట్రముపై కూర్చుండును. ఈ ట్రాక్టరునకు చట్రమే లేదు. ఇంజను, దానికి బిగించిన గేరుపెట్టె, దానికి బిగించిన వెనుక ఇరుసు పెట్టె – ఇవియే దాని వెన్నెముక. కావున క్లచ్చి మార్చవలెనన్న బండిని నడుమునకు రెండు ముక్కలు చేయవలెను. మిస్త్రీ ముందు ఇరుసునకును ఇంజనునకును నడుమ రెండు వైపుల కర్రచీలలు దిగగొట్టెను. ఏలయనగా, ముందు ఇరుసు గుంటలలో ఎగుడుదిగుడుగా ఊగుటకై నట్టనడుమ ఒక్క మేకుపైననే నిలిచియుండును. చీలలు లేకున్నచో విడిపోయిన ముందుసగము ప్రక్కకు ఒరగి మనిషిని నలుపును. వెనుకసగము క్రింద దుంగలు పేర్చిరి. బోల్టులు తీసి ముందుసగమును దొర్లించిరి. మా ట్రాక్టరు అరుగుముందర రెండుగా చీలి రెండు దినములు పడియుండెను. వీథిని పోవువారెల్లరు నిలిచి పరామర్శించిరి.

ఇక దుక్కి సంగతి. దీనికొక కథ కలదు. తొలిదినముల ట్రాక్టరులు నాగలిని గొలుసుతో వెనుక ఈడ్చెడివి. నాగలి రాయినో మోడునో పట్టుకొనినచో చక్రములు త్రిరుగుట మానవు. అప్పుడు ముందుభాగము గుఱ్ఱమువలె పైకి లేచి, వెనుకకు తిరుగబడి తోలువాని మీద పడెడిది. ఐర్లండు దేశపు రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసను దీనికి ఉపాయము కనిపెట్టెను. నాగలిని క్రింద రెండుచోట్ల, పైన ఒకచోట, మూడు కడ్డీలతో బిగించెను. నేల నాగలిని వెనుకకు లాగిన కొలది పై కడ్డీ ట్రాక్టరును ముందుకు త్రోయును, ముందుచక్రములు లేవవు. అంతేకాదు. ఆ పై కడ్డీ ఒక స్ప్రింగును నొక్కును. నేల గట్టిపడి ఒత్తిడి హెచ్చినచో హైడ్రాలిక్కు తనంత తానే నాగలిని రవ్వంత పైకెత్తును, మెత్తబడినచో దింపును. 1939లో అమెరికాలో హెన్రీ ఫోర్డు ఈ పద్ధతితో ట్రాక్టరులు చేయ నారంభించెను. ఎడ్లనాగలి దున్నిన పెద్దలకు ఇది సుబోధము. గట్టినేలలో మేడిని తేల్చుట, మెత్తనినేలలో నొక్కుట మీ చేయి ఎరుగును. ఆ చేతిపని నంతయు ఇచట ఒక స్ప్రింగు చేయుచున్నది. మా బండిలో ఈ యేర్పాటునకు ఆయిలు మార్చుట, ఒక రబ్బరు రింగు వేయుట తప్ప మరేమియు కావలసి రాలేదు.

బ్రేకు సంగతిని చివరకు ఉంచితిని. మిస్త్రీకి అది అరదినపు పని. మాకు అది ముప్పదియొక్క యేండ్ల మాట. అది చెప్పుటకు ముందు రెండు ప్రయాణములు చెప్పవలసియున్నది.

1966లో నాకు ఏడేండ్లు. తాతగారు ఏదియో మ్రొక్కు తీర్చుటకై ఇంటిల్లిపాదిని బాసరకు కొనిపోయిరి. ఇందల్వాయిలో రైలు స్టేషను కలదు, బాసరలోను కలదు. అయినను బియ్యము, పప్పు, వంటచెరకు, ముసలివారిని వేసికొని పోవుటకు కచ్రమే మేలని వారి మతము. పగలు సగము నడక, రాత్రి చెట్టుక్రింద మజిలీ. మూడవనాడు గోదావరి కనబడెను. ఆ దారిలో వాగులకు దిగుడు వచ్చినపుడెల్ల తాతగారు బండి నాపి అందరను దింపెడివారు. బండి ఎక్కునపుడు బరువును ఎడ్లు లాగును. దిగునపుడు బరువే ఎడ్లను తరుమును. కాడి మెడవీడి కొమ్ములమీదికి వచ్చును, ఎద్దు కాలు జారును. తాతగారు లావైన తుమ్మకర్రను చక్రముల వెనుక అడ్డముగా మోకుతో కట్టి, దాని రాపిడితో బండిని మెల్లమెల్లగా దింపెడివారు. “ఎందులకు దిగవలెను?” అని నేనేడ్చితిని. “ఎక్కేటప్పుడు కూసో బిడ్డా, దిగేటప్పుడు నడువు” అని వారనిరి.

రెండవది 1978లో, అక్కపెండ్లి యైన పిమ్మట తిరుపతి ప్రయాణము. నిజామాబాదునుండి ఒక అంబాసిడరు కారును కిరాయికి తెచ్చితిమి. ఆ కారు వంగదేశపు ఉత్తరపాడాలో 1957 మొదలు 2014 వరకు తయారైనది; మనలో అనేకుల పెండ్లిండ్లలో పాలుగొన్నది. అందు మేము డ్రైవరుతో గూడ పదిమందిమి. ముందుసీటు బల్లవలె ఒకటే గనుక, గేరుకర్ర స్టీరింగు ప్రక్కన నుండుట వలన, ముందే నలుగురు పట్టిరి. ప్రతి చెరువుకడను డ్రైవరు బకెట్టు దింపి రేడియేటరునకు నీరు పోసెడివాడు. తిరుమలకొండ దిగునపుడు అతడు బండిని రెండవగేరులో నుంచి, ఇంజను మూలుగుచుండగా నింపాదిగా దింపెను. డీజిలో పెట్రోలో దండుగగదా యని మా బాపు అనగా, “బ్రేకు మీద కాలు పెట్టుకొని దిగితే బ్రేకు కాగుతది పటేలా, కాగిన బ్రేకు పట్టది. గేరుల ఉంటే ఇంజనే పట్టుకుంటది” అనెను. నాకు తాతగారి తుమ్మకర్ర జ్ఞప్తికి వచ్చెను. ప్రక్కన కూర్చున్న తమ్మునకు అపుడు పదునాలుగేండ్లు; నిద్రించుచుండెను.

1993 కార్తికమాసమున, భీంగలు చేరువనున్న లింబాద్రిగుట్ట జాతరకు మా ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరచుకొని పదునేడుగురము పోయితిమి. ట్రాలీ సరకులకే గాని మనుష్యులకు గాదని, ఎక్కించుట చట్టవిరుద్ధమని నే నెరుగుదును. అపుడును ఎరుగుదును. అయినను ఊరంతయు అట్లే పోవుచుండెను.

ట్రాక్టరునకు బ్రేకు తొక్కుడులు రెండు. ఒకటి కుడి వెనుకచక్రమునకు, ఒకటి ఎడమ వెనుకచక్రమునకు. ముందుచక్రములకు బ్రేకు లేదు. పొలములో మడి చివర మలుపు తిరుగునపుడు కుడితొక్కుడును నొక్కినచో కుడిచక్రము నిలిచి, బండి అక్కడికక్కడే గిర్రున తిరుగును. దున్నుటకు ఇది గొప్ప సదుపాయము. రోడ్డుపై అదే గుణము ప్రాణాపకారి. కావున రోడ్డెక్కుముందు రెండు తొక్కుడులను కలిపివేయుటకు ఒక చిన్న ఇనుపకొండి యుండును. మా తమ్ముడు ఆ యేడు వానకాలపు దుక్కిలో కొండి అడ్డమగుచున్నదని ఊడదీసి ఎక్కడనో పెట్టెను. మరల వేయలేదు.

తిరిగివచ్చునపుడు రాత్రి, పున్నమివెన్నెల. ఒక చెరువుకట్ట దిగుడున వాడు నూనె కలిసివచ్చునని గేరు తీసివేసెను. బండి వేగము హెచ్చెను. ట్రాలీకి బ్రేకు లేదు. పదునేడుగురి బరువు వెనుకనుండి త్రోసెను. ఎదుట గేదె యొకటి వచ్చెను. వాని కాలు ఒక్క కుడితొక్కుడు మీదనే పడెను. ట్రాక్టరు కుడికి విరిగెను, ట్రాలీ ముందుకు పోవుచునే అడ్డముగా మలిగి కట్టవైపు ఒరగెను. దేవునిదయవలన బోల్తాపడలేదు. అందరును గడ్డితో సహా జారిపడిరి. మా యవ్వ కుడిచేయి మోచేతికడ విరిగెను. కట్లు కట్టించితిమి గాని అది నేటికిని తిన్నగా చాపుటకు రాదు. అటుపిమ్మట ఆమె ఇరువదియేండ్లు ఎడమచేతితోనే అన్నము కలిపి పెట్టినది. తమ్ముడు ఆ ట్రాక్టరును పొలమునకే గాని మరెన్నడును ప్రయాణమునకు తీయలేదు. ఆ సంగతిని వాడు మాటలాడగా నేను వినలేదు.

తిరుమల దిగినపుడు డ్రైవరు చెప్పినది నేను విన్నాను. తాతగారి తుమ్మకర్రను నేను చూచితిని. ఆ రాత్రి ట్రాలీలో ముందువరుసలో కూర్చున్నవాడను నేనే. ఇంజను మ్రోత తగ్గినపుడు గేరు తీసినాడని నాకు తెలిసెను, ఊరకుంటిని.

మిస్త్రీ వెనుకచక్రములు ఊడదీసి చూపెను. ఎడమవైపు ఇరుసు సీలు అరిగి, ఆయిలు కారి, బ్రేకు పట్టీ నానియుండెను. నానిన పట్టీ పట్టదు. అట్టి బండికి రెండు తొక్కుడులను కొండితో కలిపినను ఒకవైపే పట్టును. “కొండి ఉంటే సాలదు సారూ, రెండు దిక్కుల సమానం పట్టాలె” అని మిస్త్రీ సీలులు మార్చి, రెండువైపుల క్రొత్త పట్టీలు వేసెను. పిమ్మట ఒక్కొక్క వెనుకచక్రమును జాకీపై ఎత్తి, త్రిప్పి, రెండును ఒకే లోతు తొక్కుటకు ఆగునట్లు సరిచేసెను. చెరకువంటి బరువులాగునపుడు ట్రాలీని క్రింది డ్రాబారుకే తగిలింపవలెనని, పైకి తగిలించినచో ముందుచక్రములు లేచునని మావానికి రెండుమారులు చెప్పెను. దిగుడుకు ముందే చిన్నగేరు వేయవలెను గాని, సగము దిగిన పిదప వెదకరాదని నేను చెప్పితిని.

కొండి లేకుండెను. తమ్ముని పనిముట్ల డబ్బాలో వెదకగా అడుగున గుడ్డలో చుట్టిన క్రొత్తకొండి దొరకెను. కమ్మరి చేతిపని; పెయింటు కూడ చెదరలేదు. ఎప్పుడు చేయించెనో, ఏల బిగింపలేదో మాకు తెలియదు. మిస్త్రీ దానినే బిగించి, ఊడదీసినను పోకుండ చిన్న గొలుసుతో తొక్కుడునకు కట్టెను.

ఆ వానకాలము ఆరెకరములును మా ట్రాక్టరే దున్నినది. మావాడు పొలము గట్టు దాటి రోడ్డెక్కుముందు వంగి కొండి వేయును. ఉదయము బండి తీయునపుడు ఎనుబదియారేండ్ల మా యవ్వ అరుగుమీదనుండి కనులకు చేయి అడ్డుపెట్టుకొని అడుగును: “కొండి ఏసినవా బిడ్డా?”